వెనక నుంచి

సైకాలజీ బ్లాకులో చివరి గది.
ఫ్యాను తిరుగుతుంది, గాలి రాదు.
నేను అంకెలు చదువుతాను, సెకనుకొకటి,
గొంతులో ఎత్తూ పల్లం లేకుండా.
అలా చదవడానికే నెల పట్టింది నాకు.
ఎదురుగా కూర్చున్నవాళ్లు వాటిని
వెనక నుంచి అప్పజెప్పాలి.

ఏడు, రెండు, తొమ్మిది.
తొమ్మిది, రెండు, ఏడు.
సరే.

ఇవాళ ఇరవై మూడో మనిషి షేక్ నాగూర్‌బీ.
బీకాం రెండో ఏడు, మూడు సబ్జెక్టులు మిగిలాయి.
ఆమె చున్నీ సర్దుకోగానే
మిరప ఘాటుకి నాకు తుమ్మొచ్చింది.
స్టాప్‌వాచీ మళ్లీ మొదటికి తిప్పాను.

నాలుగంకెల దాకా బాగానే వచ్చింది.
ఐదో దగ్గర పెదాలు కదిపి, కదిపి,
మూతి కుట్టని గోతంలోకి చూసినట్టు
గాల్లోకి చూసి
"పోయింది మేడమ్" అంది.

కాగితం మీద నాలుగు వేశాను.
ఆ నాలుగుకీ ఆమె మార్కులకీ మధ్య
ఒక గీత గీయగలిగితే
నాకు డాక్టరేటు.

బ్యాగు భుజానికేసుకుని, గుమ్మంలో ఆగింది.
"రాత్రిళ్లు యార్డులో టిక్కీల మూతులు కుడతా మేడమ్.
లాటుకి పదిహేడు. మా నాన్న కాటా మీదకి ఎత్తుతాడు,
గుమాస్తా టీకి పోతాడు.
చేతులనిండా కారం. పెన్ను పట్టలేను, ఫోను ముట్టలేను.
వాడొచ్చి రాసుకునేదాకా బరువులన్నీ
నా దగ్గరే ఉండాలి.
ఒక్కటి తప్పితే కోత మా కూలిలోనే.
రాసుకున్నాక కూడా పోవు ముండవి.
పొద్దున క్లాసులో, బ్యాలెన్స్ షీటు పక్కన అవే."

ఏదీ చెప్పు, అన్నాను.
నలభై ఒకటీ ముప్పావు, నలభై మూడున్నర,
ముప్పై తొమ్మిదీ పావు...
పదిహేడూ చెప్పింది, తడుముకోకుండా.
వెనక నుంచి? అన్నాను, అలవాటు చొప్పున.
నవ్వింది.
"వెనక నుంచి ఎవరడుగుతారు మేడమ్?"

నా ఫారంలో ఆ జవాబుకి గడి లేదు.
అంచున పదిహేడు అని రాసి, కొట్టేశాను.
కొట్టేసినా కనబడుతూనే ఉంది.
ఇరవై నాలుగో అబ్బాయి
తలుపు తీసుకుని వచ్చి కూర్చున్నాడు.
ఏడు, రెండు, తొమ్మిది.

చీకటి పడ్డాక శంకర్ విలాస్ దగ్గర బస్సు దిగి
ఆటో ఎక్కాను. బ్రాడీపేట.
ఎన్నో లైనమ్మా?
నాలుగు.
అడ్డరోడ్డు?
పదేళ్లుగా ఉంటున్న ఇల్లు.
నోటి దాకా వచ్చింది మాత్రం
నలభై ఒకటీ ముప్పావు.

అతను అద్దంలోంచి నన్ను చూశాడు.
"అంత దాకా లేవమ్మా."