ఐదు చెంచాలు

ఎలిసెయో వెళ్తూ వెళ్తూ
ఒక చెంచా, ఒక పళ్ళెం, ఒక గ్లాసు పట్టుకెళ్ళాడు.
ఆరింటి జత ఐదైంది.
మార్చి నుంచి మేం
ఐదు చెంచాల ఇంట్లో ఉంటున్నాం.

వాల్దీవియాలో వాన. రేకుల మీద రాత్రంతా వాన.
ఇల్లు కొనడానికి వచ్చినవాళ్ళు
గోడ మూల చెమ్మని గోటితో గీకి చూసి
ఆలోచించుకుని చెప్తామంటారు.
నేను పొయ్యిలో ఇంకో కట్టె తోస్తాను.

కలామాలో చుక్క పడదట.
గనిలోంచి వచ్చి, బూట్లు దులుపుకుని
ఫోన్ చేస్తాడు.
ఒక్కోసారి మాటలేం ఉండవు.
"కాస్త కిటికీ తెరువు" అంటాడు.
ఫోన్ని చూరు కిందికి చాచి పట్టుకుంటాను
మోచేయి దాకా తడిసిపోతూ.
అటువైపు ఎంతసేపైనా
ఊపిరి ఒక్కటే.

నాన్నేడీ అంటే
రాయెన్ ఫోన్‌కేసి వేలు చూపిస్తుంది.
ఛార్జింగ్ అయిపోతే ఏడుస్తుంది.

అమారో అట్టపెట్టెల మీద పేర్లు రాస్తున్నాడు.
వంటిల్లు. పుస్తకాలు. గొడుగులు.
"అక్కడ గొడుగులెందుకురా?"
వాడు తలెత్తలేదు.
ఆ మాటనే ఇంకాస్త లావుగా దిద్దాడు.

నిన్న ఒక ఫొటో వచ్చింది:
అద్దెగదిలో బల్ల, సంతలో కొన్న నాలుగు కుర్చీలు.
మూడింటి మీద ఎర్రటి దుమ్ము.
పొద్దున్నే తుడుస్తాడట,
సాయంత్రానికి మళ్ళీ కూర్చుంటుందట
మా చోట్లలో.

ఇవాళ ఐదు చెంచాలూ తోమాను.
పెట్టెలో సర్దేద్దామనుకుని
బల్ల మీదే గుడ్డ పరిచి ఆరబెట్టాను.

ఈ ఊళ్ళో
ఏదీ తొందరగా ఆరదు.