డబ్బా భూషణం సెకండాఫ్

సినిమా పేర్లు నన్నడక్కండి,
నాకు డబ్బా నెంబర్లే గుర్తు.

ఒకటో డబ్బా యాభై రెండు, వైశాఖం.
కాలవలు కట్టేసిన నెల, లాంచీ నడవదు.
మండపేట నుంచి రామచంద్రపురానికి
మా నాన్న కావిట్లో పద్నాలుగు రీళ్లు,
ఇటేడు, అటేడు.
పక్కన గొడుగు పట్టుకుని నేను.
గొడుగు నాన్నకి కాదు, రీళ్లకి.

ముత్యాలయ్యగారిది బియ్యం మిల్లు.
పగలు ధాన్యం, రాత్రి షూటింగు.
"ధాన్యం ఆడితే తవుడన్నా మిగులుద్ది బావా,
సినిమా ఆడకపోతే ఏం మిగులుద్ది?"
అనేవాడు బావమరిది, లెక్కల పుస్తకం మూస్తూ.
ఓ రాత్రి మర ఆపడం మర్చిపోయారు.
తెరమీద తల్లి ఏడుస్తుంటే వెనక దడదడ.
జనం అది గుండె చప్పుడనుకున్నారు.
నాలుగు వారాలాడింది.

తర్వాత నాకు సైకిలిచ్చారు.
ఒక్కటే ప్రింటు, రెండూళ్లు.
ద్రాక్షారామంలో తిరిగిన రీలు
వేడి ఆరకుండానే కోటిపల్లి పోవాలి.
ఓసారి నాకు పంచరు. ఆరో రీలు
ఇంకో కుర్రాడితో నాకన్నా ముందు చేరింది.
కోటిపల్లోళ్లు పెళ్లి చూడకుండానే
కవలల్ని చూసేశారు.
ఎవరూ గొడవ చెయ్యలేదు.

పెద్దబ్బాయి రామదాసుగారు
ఒక్క పాటకి రంగు కొన్నారు.
ఎకరంన్నర కొబ్బరితోట, మూడు నిమిషాల పాట.
నిమిషానికి అరెకరం.
ఆడని బొమ్మలు కాకినాడ పోయేవి,
కడిగి వెండి తీసేవాడి దగ్గరికి.
ఏడో డబ్బా వెండి
మా మాణిక్యం కాలి మట్టెలు.
అంత పెద్ద ఫ్లాపు అంత చిన్నగా ఉంటుందని
అప్పుడే తెలిసింది.

నన్ను లెక్క మనిషిని చేశాక
ఇంటర్వెల్ బెల్లే నాకు డ్యూటీ బెల్లు.
నేల ఇంత, బెంచీ ఇంత, కుర్చీ ఇంత,
చిరిగిన రూపాయిలు ఇన్ని.
సంతకాలయ్యేసరికి తెరమీద శుభం.
నలభై ఏళ్లలో ఒక్క సెకండాఫూ చూళ్లేదు.
మాణిక్యానికి స్టూడియో పాసుండేది.
రాత్రి అన్నం వడ్డిస్తూ మిగతా కథ చెప్పేది.
"పదకొండో డబ్బాలో ఏట్లో దూకిన పిల్లేమైందే?"
"ఏమవుద్ది, ఒడ్డుకొచ్చేసింది.
తడిబట్టలు మార్చుకుంది. పులుసెయ్యనా?"

ఎనభై ఆరు శ్రావణంలో
గోదారి కోటిపల్లి గోడౌన్లోకొచ్చింది.
నీళ్లు తీశాక దండేలు కట్టి
నెగిటివులు ఆరేశాం, ఎండుచేపల్లా.
మొహాలన్నీ కారిపోయాయి.
ఒక చోట ఒట్టి చెయ్యి,
ఒక చోట మల్లెచెండు.
రామదాసుగారు ఆ చెండుని
ఎండకెత్తి చూస్తానే ఉన్నారు,
కాఫీ చల్లారిపోయింది.

మాణిక్యం పోయిన ఏడు
టీవీలో పదకొండో డబ్బా వేశారు.
సెకండాఫ్ దాకా కూచున్నాను.
ఆ పిల్ల తేల్లేదు.
ఏట్లో చెప్పొకటే తేలింది.
మరి తొమ్మిదో డబ్బాలో తమ్ముడు?
పదహారులో పోస్టుమాన్?
టీవీ కట్టేశాను.
మజ్జిగ పోస్తూ పోస్తూ
ఎంతమందిని బతికించిందో మహాతల్లి.

మొన్న మనవడు తీసిన ముప్పై ఒకటోది వచ్చింది.
డబ్బా లేదు.
ఫోనుకేవో అంకెలొస్తాయంట,
అవి కొడితే బొమ్మంట.
స్టాండులో ఆరు బళ్లు, లోపల పదకొండు మంది,
అందులో ఒకడు ఏసీ కోసమొచ్చాడు.
లెక్క రాసే పని లేదు, కూచోండి తాతా అన్నాడు.
కూచున్నాను.
బాగానే తీశాడు, ముత్యాలయ్యగారి కన్నా నిదానంగా.
లంచం పుచ్చుకోని లస్కరు కుర్రాడొకడు,
చీకట్లో లాకు తలుపులెత్తుతూ ఉండగా
బెల్లు కొట్టారు.

లేచాను.
"సెకండాఫే బావుంటుంది తాతా."
"ఉంటుంది బాబూ" అని చెప్పులేసుకున్నాను.

ఇంటికొచ్చి కంచం ముందేసుకుని
"లాకుల దగ్గర కుర్రాడేమయ్యాడే?"
అన్నాను.