ఎర్ర లైటు

ఆఫీసు హైదరాబాదుల ఉంటది, నేను నల్లగొండ రామగిరిల ఉంట.
మధ్యల నూరు కిలోమీటర్ల వైరు.
పొద్దంత వస్తువులకు మాటలు నేర్పే పని నాది.
ఫ్రిజ్జు, గీజరు, గోడకు తగిలించిన నీళ్ల ఫిల్టరు
ఎప్పుడు మొత్తుకోవాలె, ఎప్పుడు ఊకోవాలె
నేను రాస్త.
అందుకే నా ఇంట్ల మాట్లాడే వస్తువు ఒక్కటి గూడ లేదు.

ఫ్యాను రెగ్యులేటరు తిప్పితే టక్కుమంటది.
ఆ టక్కు నాకిష్టం.
అద్దం మీద వేలు జరిపితే
తిరిగిందో లేదో తలెత్తి చూడాలె.
కుక్కరు మూడుసార్లు కూస్తది,
పాస్‌వర్డ్ అడగది.
అప్‌డేట్ అంటే నాకు కోపం.
ఉప్పుడబ్బా జాగ రాత్రికి రాత్రి మారిస్తే
ఏ ఇంట్లనన్న ఊకుంటరా?
అడుగులు లెక్కపెట్టే గడియారం తమ్ముడు కొనిచ్చిండు.
రోట్లె పచ్చడి నూరుతుంటే
నాలుగువందల అడుగులు నడిచినవని మెచ్చుకుంది.
తీసి పప్పుల డబ్బాల వేసిన.
గడియారం చౌరస్తాల ఫోన్లు బాగుచేసే గౌస్ భాయ్ అంటడు:
"పాత ఫోను రాయి, కొత్త ఫోను అప్పడం."
ఇంతకంటె మంచి రివ్యూ నేనెక్కడ చదవలె.

పోయిన వానకాలం, ఒక బేస్తారం పొద్దుగూకినంక
కింది వాటా సైదమ్మక్క పైకొచ్చింది,
ఒక్కొక్క మెట్టుకు మోకాలు పట్టుకుంట.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగి పెరిగిన మనిషి.
ఆ నీళ్లు పళ్ల మీద రాసింది ఇంక చెరగలె.
మెడ తిప్పాలంటే ఒళ్లంత తిప్పుతది.
"మిషన్ల ఎర్రలైటు పడ్డది పిల్లా,
నీళ్లొస్తలేవు. ఇగ మల్ల బోరేనా?"

దిగిపోయి చూసిన.
ఆ లైటు నాది.
మూడేండ్ల కింద, నిద్ర ఆగని ఒక రాత్రి రాసిన:
మూడువందల అరవై ఐదు రోజులు నిండితే
ఎర్రగ వెలుగు, నీళ్లు బంద్ చెయ్యి.
ఎన్ని నీళ్లు పోయినయో అది చూడదు.
నీళ్లల్ల ఏమున్నదో అసలే చూడదు.
వట్టి క్యాలెండరు అది,
జర కోపమెక్కువ, అంతే.

అప్పుడు మీటింగుల అడిగిన నేను,
లీటర్లు లెక్కపెడదామా అని.
సెన్సరుకు నలభై రూపాయలయితది అన్నరు.
నలభై రూపాయలు.
తలూపిన.
నా కెమెరా ఆపే ఉండె,
ఊపకున్నా ఎవ్వరికి తెల్వకపోవు.
అయినా ఊపిన.

అడుగున ఉన్న బటన్‌ను ఏడు సెకన్లు ఒత్తిపట్టాలె.
ఏ పుస్తకంల రాసి ఉండదు, నాకు తెలుసు.
ఒత్తిన.
పచ్చగయింది.
సైదమ్మక్క నా మొఖం దిక్కు చూసింది,
డాక్టరు దిక్కు చూసినట్టు.
"మంచిగయినయా నీళ్లు?"

ఆ పచ్చ గూడ నేనే రాసిన.
లోపలి కాట్రిడ్జి
ఆరునెలల కిందనే చచ్చిపోయి ఉండొచ్చు,
ఇంకో ఏడాది బతకొచ్చు.
ఎర్రకు తెల్వదు, పచ్చకు తెల్వదు,
రాసినదాన్ని నాకు తెల్వదు.
"ఇప్పుడే తాగకక్కా" అన్న.
"పచ్చగుంది గద?"
"ఉంది."

తెల్లారి ఒక సీసాల ఆ నీళ్లు పట్టుకొని
ఇద్దరం ఆటోల పోయినం, నీళ్లు పరీక్ష చేసే కాడికి.
లింగస్వామి అని ఒక ముసలి ల్యాబు మనిషి,
కండ్లద్దాలకు దారం కట్టుకున్నడు,
గాజుగొట్టంల మందు చుక్కలేసి
కిటికీ వెలుగుకు పట్టిండు.
అందుల రంగు నిమ్మళంగ మారుడు వెట్టింది.
నీళ్లను చూసి మారే రంగు.
మూడేండ్లల్ల నేను రాయలేనిది
ఆ గొట్టంల కదులుతుంటే
నోరు తెరిచి చూసిన.
చిట్టీ మూడు రోజులకు ఇస్తమన్నరు.

అప్పటిదాంక ఎదురింటి కృష్ణ నీళ్ల నల్లా కాడ
సైదమ్మక్క బిందె పట్టుకొని నేను నిలబడ్డ.
ఫోను ఇంట్లనే మరిచిపోయిన.
నీళ్లు పడుతుంటే పడుతుంటే
బిందె గొంతు సన్నగయితది,
నిండొస్తుందని చూడకున్నా తెలుస్తది.
ఆ చప్పుడు ఎవ్వరు రాయలె.