వంజరం

కళింగపట్నంలో లైటుహౌసు దాటాక రేకుల హోటలు.
రెండు బల్లలు కలిపితే ఒకటి కుంటి.
కుర్రాడు కాలికింద అట్టముక్క దోపాడు.
డ్రైవరుతో కలిపి పదకొండుమందిమి.
ప్రమోషనొచ్చిన నీలవేణి గారి ఖర్చు.

చందువలున్నాయా?
అయిపోనాయండి.
పీతలు? రేపండి.
నెత్తళ్లు? నవ్వాడు.
సముద్రం మాత్రం గోడవతలే,
ఎవరో పిలిచినట్టు ఊరికే వస్తూ పోతూ.

గంటన్నరకి వచ్చింది వంజరం.
పైన మిఠాయి రంగు, లోపల ఐసు.
ఆవిడ "ఎలా ఉంది?" అన్నప్పుడల్లా
ఉల్లిపాయలు బావున్నాయన్నాం.

దానేసుది ఈ ఊరే.
వాళ్ల నాన్న తెప్ప ఈ ఇసకలోనే చివికిపోయింది.
ముక్క విప్పి, ముల్లు పక్కన లైటుకెత్తి చూశాడు.
ఏదో అనబోయాడు.
ఆవిడ మొహం చూసి
"ఇంకో ముక్కెయ్యండి మేడం" అన్నాడు.

బిల్లు ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టింది.
పైన పది రూపాయలు బల్లమీదుంచింది.

బయట చీకటి. సరుగుళ్ల వెనక ఏదో గుడిసెలోంచి
గాలి ఒక్కసారి మళ్లింది.
దానేసు తాళం చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.
"కవళ్ల పులుసు" అన్నాడు.
"సింతకాయేసినారు."

జీపెక్కి కూచున్నాం అందరం.
చాలాసేపు
స్టార్టు చెయ్యలేదతను.
ఎవరమూ చెయ్యమనలేదు.