పద్నాలుగో ప్రశ్న

బొమ్మనహళ్ళి స్టాపు.
గార్మెంట్సు గేటు వదిలిన వేళ.
నా మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టాబ్లెట్టు,
అందులో ముప్ఫై ఒక్క ప్రశ్నలు.
మనుషుల కాలానికి ధర కట్టే పని నాది.
పూర్తయిన ఫారానికి డెబ్భై రూపాయలు.
నా గంట ఖరీదు ఎవరూ అడగలేదు గానీ
ఖాళీగా ఉన్నప్పుడు నేనే లెక్కేసుకున్నాను.

పేరు చౌడమ్మ. వయసు నలభై మూడు.
చెకింగ్ సెక్షన్.
పొద్దంతా నిలువుకాళ్ళ మీద
ఎవరో తొడుక్కోబోయే చొక్కాలకి
తోకదారాలు కత్తిరించడం.
ఇల్లు చందాపుర అవతల.
టికెట్టు ఖర్చెంత అంటే
"ఆడోళ్ళకి సున్నా కదా పాపా" అంది,
ఆ సున్నాని మడిచి
కొంగున కట్టుకున్నంత భద్రంగా.

పద్నాలుగో ప్రశ్న:
మీ ప్రయాణంలో పది నిమిషాలు తగ్గిస్తే
ఎంత చెల్లించడానికి సిద్ధం?

"పొద్దునా, సాయంత్రమా?"

ఆ తేడా ప్రశ్నలో లేదు.

"పొద్దునైతే యాభై ఇస్తా.
రెండు నిమిషాలు లేటైతే
అరగంట కూలి కోస్తారు.
సాయంత్రం మాత్రం తగ్గించొద్దు తల్లీ.
సీటు దొరికితే ఆ గంటంపావే నేను కూసునేది.
ఇంటికి పోతే మళ్ళా నిలబడాల,
పొయ్యి కాడ, కొళాయి కాడ.
ఇంకో పది నిమిషాలు నిదానంగా పోతాదంటే చెప్పు,
కావాల్నంటే దానికి అయిదు రూపాయలిస్తా."

నవ్వింది. నేనూ నవ్వాను.
సున్నాకి కింది అంకెని
ఆ గడి తీసుకోలేదు.
ఎన్నిసార్లు కొట్టినా ఎర్రగా మెరిసి
"సరైన విలువ ఇవ్వండి" అంది.

మా నెత్తిమీద ఫ్లైఓవర్.
టోలు కట్టి కాలం కొనుక్కున్న కార్లు
పైన జుయ్యిమని పోతున్నాయి.
వాళ్ళ లెక్క సూత్రానికి చక్కగా అతుకుతుంది.
ప్రయాణమంటే నష్టం,
ఎవరైనా తగ్గించుకోవాలనే చూస్తారు
అని శిక్షణలో మొదటి రోజే చెప్పారు.
అతకని వరుసల్ని ఏరేసెయ్యమని
రెండో రోజు చెప్పారు.

ఇంతలో బస్సు.
చౌడమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని
ఉరికింది.
ఆ ఉరుకుకి ఎంత వెల కడతారో
నాకు నేర్పలేదు.
కిటికీ సీటు దొరికింది.
బస్సు నాలుగు గజాలు కదిలి సిగ్నల్ దగ్గర ఆగేసరికి
చువ్వకి చెంప ఆనించి నిద్రపోయింది,
నోరు కొంచెం తెరుచుకుని.

ఇరవయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి
ఎర్రలైటుని ఇంకాసేపు ఉండమని
కోరుకోవడం ఇదే మొదలు.

అప్పుడు చూశాను
పక్కనే ఆగిన ఇసుక లారీ.
దాని పొగగొట్టం సరిగ్గా ఆ కిటికీ ఎత్తులో ఉంది.
ఆమె నిద్రలోకి నల్లగా, వెచ్చగా
ఊదుతోంది.

పొగ గురించి ఇరవై ఆరో ప్రశ్న.
అక్కడిదాకా రానేలేదు మేము.

పచ్చలైటు పడింది.
ఫారం అసంపూర్ణం అని నొక్కాను.
కారణం రాసే చోట నలభై అక్షరాలే పడతాయి.
"కూర్చుంది" అని రాశాను.
ఇంకా చాలా చోటు మిగిలింది.