వదులు ముడి

నోషిరోలో ఆ మంగళవారం మంచు మోకాలిదాకా.
ఆఖరి పేరు సవగుచి తొకుఎ, ఎనభై మూడు.
ఏమిటమ్మా ఇబ్బంది అంటే
"బొడ్డులో ఏదో మొలిచింది డాక్టరమ్మా" అంది,
పెరటి పాదు సంగతి చెప్పినట్టు.

నాలుగు పొరల ఉన్ని విప్పేసరికి
హీటరు మీద కెటిల్ రెండుసార్లు ఈలేసింది.
చివరికి పొట్ట. దాని నడుమ
ఊరేసిన ప్లమ్ పండు రంగులో
శనగగింజంత గడ్డ.
వేలితో నొక్కాను. రాయి.
నొప్పి లేదట. నడికట్టు ఒరిపిడేమో అంది.
రెండు నెలలుగా పక్కింటావిడ ఇచ్చిన ఆయింట్‌మెంటు రాస్తోందట.
సన్నబడ్డావని వీధంతా మెచ్చుకుంటోందట.

ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగింది.

నేను చర్మం డాక్టర్ని.
తామర, దద్దుర్లు, చలికి పగిలిన మడమలు,
పైపై సంగతులే నా బతుకు.
క్లోమం ఎక్కడో కడుపు చాటున, వెన్నుకు ఆనుకుని,
వెనకగదిలో చప్పుడు చెయ్యని అద్దెమనిషి.
అది వాకిట్లోకొచ్చి పలకరించిందంటే
అప్పటికే ఇల్లంతా దానిది.

మత్తు సూది, చిన్న ముక్క, రెండు కుట్లు.
తను పడుకునే కబుర్లు చెబుతోంది:
నలభై ఒక్క ఏళ్ళు మంత్రసానిగా
ఈ తీరం పొడుగునా బొడ్లు కోసిందట,
పదకొండు వందలు దాటాక లెక్క మానేసిందట.
ఎండి రాలిన ప్రతి బొడ్డుపేగునీ
చిట్టి చెక్కపెట్టెలో, దూది మీద పెట్టి
తల్లి చేతికిచ్చేదట.
"నాదీ ఉంది ఇంట్లో. ఎండు చేపముక్కలా ఉంటుంది,
చూస్తే నవ్వొస్తుంది."

పది రోజులకు కాగితం వచ్చింది.
రాత్రంతా కూడబలుక్కున్న వాక్యాలు
ఒక్కొక్కటే చెప్పాను.
విన్నదో, విని పక్కన పెట్టిందో.
"ఆ ముక్క నాకిస్తావా? పెట్టెలో చోటుంది."
మైనంలో పోతపోశారమ్మా,
గాజుపలకల మీదికి ఎక్కించారు, ఇవ్వరు అన్నాను.
"ఇదేం పద్ధతి" అంది. అంతే.

కళ్ళజోడు పెట్టుకుని
స్వెట్టరెత్తి, తన పొట్ట మీదికి తనే వంగింది.
"ఎవరు నేర్పారే నీకు? ముడి వదులు.
ఇంకా బొడ్డూడని పిల్లవి."
దారం అడిగింది.
నా చూపుడువేలికి
ఒక చుట్టు, ఇంకో చుట్టు,
వణకని చేత్తో
బిగించింది.

వేలికొస తెల్లబడేదాకా
ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.