రెండు వందల మీటర్లు

నా ఎడమ చేతికున్న వాచీ
రెండు వందల మీటర్ల నీళ్లలోకి దిగినా ఆగదట.
వెనక మూత మీద చెక్కి ఉంది, చిన్న చేప బొమ్మ కింద.
నేనుండేది రాయదుర్గంలో.
మా వీధి కొళాయికి నీళ్లు ఐదో రోజుకొకసారి.

బళ్లారిలో, పాత రేడియోలమ్మే సందులో కొన్నాను.
దసరా బోనసు మొత్తం అందులోకే పోయింది.
ఇంట్లో ఏం చెప్పాలా అని బస్సులో కూర్చుని
దాని చుట్టూ ఉన్న పళ్ల చక్రాన్ని తిప్పుతూనే వచ్చాను,
టిక్కు టిక్కున, చుట్టుకి నూట ఇరవై టిక్కులు.
మునిగినవాడికి ఇంకెంత గాలి మిగిలిందో
అది లెక్క చెబుతుందట.

"తిప్పేస్వామి అని పేరు పెట్టుకున్నందుకు
బాగా తిప్పుతాండావప్పా," అన్నాడు కుళ్లాయప్ప,
ఇస్త్రీ పెట్టె దించకుండానే.
"హగరిలో మోకాలు మునిగి ఎన్నేండ్లాయ?
నీకు ఈత గూడ రాదు గదా.
యాడ మునుగుదామని?"
మిషన్లన్నీ ఆగి నవ్వాయి. నేనూ నవ్వాను.

చేతిలో ఉన్న జీన్స్ ప్యాంటు చూపించాను అతనికి.
కుడి జేబులో ఇంకో బుల్లి జేబు.
రోజుకు మూడు వందలు కుడతాను, అవే.
ఎప్పుడో ఎవరో గొలుసు గడియారం దాచుకోడానికి కుట్టించారని
మా పాత మేస్త్రీ చెప్పేవాడు.
గొలుసులూ పోయాయి, గడియారాలూ పోయాయి,
రెండు వేళ్లు సరిగా దూరవు అందులో.
అది లేకుండా ఒక్క లాటు పంపి చూడు,
బెంగళూరు సేటు వచ్చిన లారీలోనే వెనక్కి పంపిస్తాడు.
గనుల్లో రాళ్లెత్తేవాళ్ల కోసం పుట్టిన రాగి రివిట్లు
ఇప్పుడు కాలేజీ బెంచీల మీద గీతలు గీస్తున్నాయి.
కుళ్లాయప్ప ఏమీ అనలేదు.
మడత మీద నీళ్లు చిలకరించి పెట్టె నొక్కాడు.
సుయ్యిమంది.

అయినా అది జవాబు కాదు. నాకు తెలుసు.

మా బామ్మర్ది ఎర్రిస్వామి చేనులో బోరు వేసిన రాత్రి
లెక్క నేనే చూశాను.
నిమిషాల ముల్లు దగ్గర సున్న పెట్టి,
ఒక్కో రాడ్డు దిగడానికి ఎంత పడుతుందో.
అరచేతిలో టెంకాయ నిలబడిన చోటే, పాయింటు తప్పేం కాదు.
మూడు వందల అడుగులకు ఎర్ర దుమ్ము.
ఐదు వందలకు తెల్ల దుమ్ము.
ఆరు వందల యాభై దాటాక రిగ్గువాడు నా మొహం చూశాడు,
నేను వాచీ చూశాను.
అది ఎంత లోతుకు ఒట్టేసిందో
అంత లోతూ అయిపోయింది,
పొడిపొడిగా.
ఎర్రిస్వామి గొంతుక్కూర్చుని
గుప్పెడు రాతిపిండి తీసి వాసన చూశాడు,
ఎక్కడైనా తడి తగులుతుందేమోనని.
లైటార్పేశాక ఆ చేనులో వెలిగింది
నా మణికట్టొక్కటే.

ఆ రాత్రే తీసి పెట్టెలో పడేద్దామనుకున్నాను. పడేయలేదు.

ఎందుకో సరిగా చెప్పలేను.
పన్నెండు గంటలు ఒకే మిషను ముందు
ఒకే బుల్లి జేబు కుట్టే చెయ్యి ఇది.
ఎప్పుడైనా ఎవరైనా దీన్ని సముద్రంలోకి పిలిస్తే
నాకు సరంజామా లేదు అనకూడదు కదా.
పడుకునేముందు పక్కనున్న మర బిగిస్తాను,
నీళ్లు చొరబడకుండా,
నీళ్లు లేని ఊళ్లో.
ఆ చివరి బిగింపు వేళ్లకు బాగుంటుంది.
ఇంట్లో ఒక్కటన్నా కారకుండా ఉందని.

నిన్న రాత్రి రెండున్నరకు కొళాయి దగ్గింది.
కరెంటు లేదు.
చక్రం తిప్పాను. వస్తే నలభై నిమిషాలు.
డ్రమ్ము అడుగున పాచి రుద్దడానికి వంగినవాణ్ణి
వంగినట్టే ఉండిపోయాను.
నీళ్లు మణికట్టు దాటాయి, మోచేయి దాటాయి.
మూరెడు లోతులో పన్నెండు ఆకుపచ్చ చుక్కలు,
చేపల గుంపు ఆగి
ఎవరా అని పైకి చూస్తున్నట్టు.
ఎంతసేపున్నానో నాకు తెలీదు.
అది మటుకు లెక్కపెడుతూనే ఉంది.

"ఇంగ చెయ్యి తియ్యి," అంది హనుమక్క, బిందె పట్టుకుని,
"నీళ్లు పొర్లిపోతాండాయి."